అబద్ధపు బ్లడ్‌బ్యాంకు

ముగెర్వా గారూ, ఈ గొడవంతటికీ కారకులు మీరే. మీరూ, మీలాంటి మేనేజర్లూ. ఏ పద్ధతి మంచిదో తేల్చడం మీ పని. అది చేతకాక మీ కింద పనిచేసే ఇద్దరి మధ్య పందెం పెట్టారు. ఓడినవాళ్లు ఎంబరారా ఆఫీసుకి బదిలీ అన్నారు. కంపాలా నుంచి ఎంబరారాకి బస్సులో సగం రోజు. మనసులో మాట ఇంకా బయటపెట్టనివాడికి అదెంత దూరమో మీకేం తెలుసు?

సంగతి ఇదీ. ఊళ్లలో క్లినిక్కులు "ఈ గ్రూపు రక్తం ఉందా?" అని కంప్యూటర్లో అడిగితే, అవతలి కొండమీది బ్లడ్‌బ్యాంకు జవాబు చెప్పాలి. ఆ బ్లడ్‌బ్యాంకు సిస్టం పాతది. దానికి తెలిసింది సోప్ అనే పద్ధతి ఒక్కటే. ప్రతి ప్రశ్ననూ కవరులో పెట్టి, అది చెప్పిన వరసలోనే రాసి పంపాలి. వరస తప్పితే మొహం మీదే తలుపేస్తుంది.

కంపాలాలోని మీ ఎంటిండా ఆఫీసులో వెబ్ ప్రోగ్రాములు కట్టడానికి వాడేది జాంగో అనే ఫ్రేమ్‌వర్క్. అందులో ఈ సోప్‌ని ఎలా ఇమడ్చాలి?

"బ్లడ్‌బ్యాంకువాళ్లు తమ నియమాలన్నీ ఒక ఫైల్లో పెట్టారు. దాన్ని చదివి కవరు తనే కట్టే లైబ్రరీ, అంటే రెడీమేడ్ కోడ్, ఉంది. వాడుకుందాం" అంది నాన్సికొంబి, పందెంలో ఒక పక్షం.

"ఎవడో రాసిన లైబ్రరీని నమ్మాలా? కవరు నేనే చేత్తో రాస్తా" అన్నాడు రెండో పక్షం ఓజోక్. అతని చేతిలో సగం తిన్న రోలెక్స్ ఉంది, గుడ్డట్టు చుట్టిన చపాతీ.

"మరి ఆ రోలెక్స్‌కి గుడ్డు కూడా నువ్వే పెట్టావా?" అంది నాన్సికొంబి నవ్వుతూ.

ఆఫీసంతా గొల్లుమంది. ఓజోక్ కూడా నవ్వాడు. ఆమె ఇంకొక్కసారి అలా నవ్వితే ఓటమి ఒప్పేసుకునేవాడే. కానీ అప్పుడే కిటికీ కింద ఎర్ర మోటార్‌సైకిల్ ఆగింది. తుమ్వినె. బ్లడ్‌బ్యాంకు ఇంజనీరు. ఒక హెల్మెట్ నెత్తిమీద, ఇంకొకటి చేతిలో.

ఆరోజు నుంచి ప్రతి మధ్యాహ్నం నాన్సికొంబి ఆ బండెక్కి వెళ్లడం, కాల్చిన గోంజా అరటికాయలు పట్టుకుని నవ్వుతూ తిరిగి రావడం.

"రెండో హెల్మెట్ ఎందుకు కొన్నాడట? మనిషికి తల ఒక్కటే కదా" అన్నాడు ఓజోక్, తెరమీద నుంచి కళ్లు తిప్పకుండా.

"నా తల పగలకుండా కొన్నాడు. నీకేంటి కుళ్లు?"

"కుళ్లా? నాకా? నాకు బోలెడు పనుంది."

పని ఉన్నమాట నిజమే. తన లాప్‌టాప్‌లో ఒక అబద్ధపు బ్లడ్‌బ్యాంకు కట్టుకుంటున్నాడు. ఈ వృత్తిలో ఇది మామూలే: అవతలి సిస్టం అందకపోతే దాని బదులు ఓ డమ్మీని నిలబెట్టి పరీక్షిస్తారు. కానీ ప్రశ్నా ఓజోక్‌దే, జవాబూ ఓజోక్‌దే. ఏమడిగినా డమ్మీ "ఉంది" అనేది. ప్రతి పరీక్షా పాస్.

ఒకరోజు వాన కంపాలాను ఉతికి ఆరేసింది. నాన్సికొంబి తుమ్వినె రెయిన్‌కోటు వేసుకుని లోపలికొచ్చింది. దాని చేతులు ఆమెకి బాగా పొడుగు. అవి తుమ్వినె చేతులే అయినట్టు, ఆమెను చుట్టేసుకున్నట్టు కనిపించింది ఓజోక్‌కి. ఫోన్ తీసి ఇకమీదట ఆమె మెసేజ్‌లు కనబడకుండా నొక్కేశాడు.

"ఓజోక్, నీతో ఒక మాట..."

"తుమ్వినెకి చెప్పుకో. తీరిగ్గా వింటాడు."

ఆమె కోటు విప్పి కుర్చీమీద విసిరికొట్టింది. "సరే. అలాగే కుళ్లి చావు."

శుక్రవారం అసలు బ్లడ్‌బ్యాంకుతో పరీక్ష. ఓజోక్ కవరు వెళ్లినంత వేగంగా తిరిగొచ్చింది. రక్తం గ్రూపు ముందు రాసి, క్లినిక్ పేరు తర్వాత రాశాడు. అక్కడి వరస దీనికి తలకిందులు. నాన్సికొంబి కవరుకి మాత్రం చక్కగా జవాబొచ్చింది.

ముగెర్వా చప్పట్లు కొట్టాడు. "ఓజోక్, ఎంబరారాకి సామాను సర్దుకో."

"ఆగండి సార్" అంది నాన్సికొంబి. "మొన్న అక్కడికెళ్లి పరీక్షిస్తే మొదట నాదీ తిరిగొచ్చింది. వాళ్లది పాత సిస్టం కదా, కవరుమీద ఒక రహస్య ముద్ర అడుగుతుంది. లైబ్రరీకి అది వేయడం రాదు. ఓజోక్ కోడ్‌లోంచి ఆ ముక్క తెచ్చి అతికించాను. అప్పుడే తలుపు తెరిచింది. లైబ్రరీ కావాలి, ఇతనూ కావాలి."

"అది మీటింగులో చూద్దాంలే" అని ముగెర్వా టీకి వెళ్లిపోయాడు.

ఓజోక్ ఆమె వైపు తిరిగాడు. "నా కోడ్ ఎందుకు వాడావు?"

"బాగుంది కాబట్టి. మొండితనం నీది, దానిది కాదు."

"మరి తుమ్వినె?"

"మనిషి స్వయంగా వెళ్తేగానీ అసలు సిస్టంతో పరీక్షకి ఒప్పుకోరు, అక్కడి రూల్ అది. నీ పేరున కూడా అనుమతి తెచ్చాను. మెసేజ్ పెట్టాను కదా!"

ఓజోక్ ఫోన్ తీసి నొక్కాడు. మూసిపెట్టిన మెసేజ్‌లు బిలబిల వచ్చిపడ్డాయి. 'నీకూ లాగిన్ తెచ్చా, రా.' 'గోంజా నీకోసమే, చల్లారకముందే తిను.' 'తుమ్వినె తన పెళ్లి ఫోటోలు మళ్లీ మొదలుపెట్టాడు. వచ్చి కాపాడు!'

"ఆ గోంజా... నాకా?"

"మరెవరికి? నీ బల్లమీద పెడితే ఎవరివో అనుకుని వాచ్‌మన్‌కి ఇచ్చేశావు. పాపం, ఆయన నాకు రోజూ దణ్ణం పెడుతున్నాడు."

ఓజోక్ తల దించుకున్నాడు. ఆమె వదల్లేదు.

"లాప్‌టాప్‌లో అబద్ధపు బ్లడ్‌బ్యాంకు కట్టావు. బుర్రలో అబద్ధపు నాన్సికొంబిని కట్టావు. అది ఏమడిగినా ఉందంటుంది. ఇది ఏమడిగినా లేదంటుంది. అసలుదాన్ని ఒక్కసారైనా అడిగావా?"

"అడిగితే... తిరిగొస్తే?"

"తిరిగొస్తే సరిచేసుకుని మళ్లీ అడుగుతావు. రోజూ చేసే పనేగా నీది!"

బయట మళ్లీ వాన. తగ్గుతుందేమోనని ఓజోక్ కిటికీ వైపు చూశాడు.

ముగెర్వా గారూ, టీ గ్లాసు కింద పెట్టండి. మీటింగు వద్దు. బదిలీ మాట ఈరోజే వెనక్కి తీసుకోండి. రెండు పద్ధతులూ కలిపి వాడమని ఇప్పుడే చెప్పండి. క్లినిక్కులో మంచంమీదున్న మనిషి మీ మీటింగు అయ్యేదాకా ఆగడు.

ఓజోక్, నువ్వూ విను. ఆమె ఇంకా నీ కుర్చీ పక్కనే నిలబడి ఉంది. వాన తగ్గాక కాదు. మాటలు కూర్చుకున్నాక కాదు. అసలు మనిషిని, ఇప్పుడే అడుగు.