తువాలు కింద ఎర్ర దీపం

రైతు నాసరయ్య మణికట్టు మీది కడియం ఎర్రగా వెలిగింది. పక్కనే నిలబడ్డ డాక్టర్ వకుళ మురిసిపోయింది. ఆమె పదకొండేళ్ల పరిశోధన గరికపాలెం మిర్చి యార్డులో, అదీ ఒక తువాలు కింద, ఫలించింది మరి!

ఆ యార్డులో బేరం నోటితో ఉండదు. చేతుల మీద తువాలు కప్పి, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. వ్యాపారి వీరాస్వామి వేళ్లు క్వింటాలుకు పదహారు వేలన్నాయి. మరో వ్యాపారి పుల్లారావు వేళ్లు పద్దెనిమిదన్నాయి. అయినా నాసరయ్య చెయ్యి లాక్కున్నాడు. పుల్లారావుది అవతలి పార్టీ.

"ఇది ఎందుకు వెలిగిందమ్మా?"

"బేరమాడేటప్పుడు మీ బుర్రలో లాభం ఒకవైపు, పార్టీ పంతం ఒకవైపు లాగుతాయి నాసరయ్యగారూ. నాడి, చెమట చూసి ఏది గెలుస్తోందో ఈ సెన్సర్ చెబుతుంది. ఎరుపంటే పంతం గెలిచినట్టు. నా మాట విని పుల్లారావుకే ఇవ్వండి."

"పార్టీ వచ్చి నా కాయలు కోసిందా ఏంటి!" అంటూ నాసరయ్య మళ్లీ తువాలు కిందికి చెయ్యి పెట్టాడు. ఈసారి ఆకుపచ్చ వెలిగింది.

వారం తిరిగేసరికి రైతులు కడియాల కోసం ఎగబడ్డారు. అయితే ఒక్క పేచీ. "ఈ బూడిద రంగేంటమ్మా? మా పార్టీ రంగులో ఇవ్వండి, పెట్టుకుంటాం." చేతికెక్కితే చాలు, రంగుదేముందిలే అనుకుని వకుళ ఒక పార్టీకి వంకాయ రంగువి, ఇంకో పార్టీకి ఇటుక రంగువి చేయించింది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

వ్యాపారుల పార్టీలు అందరికీ తెలిసినవే. యాభై ఊళ్ల నుంచి వచ్చే రైతులవి మాత్రం అప్పటిదాకా ఏ వ్యాపారికీ తెలియవు. నాసరయ్య రెండో కోత కాయలు తెచ్చిన రోజు, పుల్లారావు తువాలు కప్పకముందే అతని వంకాయ రంగు కడియం చూశాడు. ఆ రోజు పుల్లారావు వేళ్లు పద్నాలుగు దాటలేదు.

నాసరయ్య మండిపడుతూ వకుళ దగ్గరికొచ్చాడు.

"రంగులు తీసేద్దాం. సైన్సుకి పార్టీ లేదు," అందామె ధీమాగా.

"ఆ మాటేదో మీరూ ఒకటి పెట్టుకుని చెప్పండమ్మా."

వకుళ నవ్వుతూ కడియాల పెట్టెలో చెయ్యి పెట్టింది. వంకాయ రంగువి పక్కకు నెట్టి, అడుగునున్న ఇటుక రంగు కడియం తీసి తొడుక్కుంది. అది ఎర్రగా వెలిగింది.

ఇటుక రంగు పుల్లారావు పార్టీది. నాసరయ్య కాసేపు ఆ దీపాన్నే చూశాడు.

"అయితే అమ్మా, ఆ రోజు పుల్లారావుకే ఇమ్మని చెప్పింది మీరా, మీ పార్టీయా?"

పద్దెనిమిది వేలు పదహారు వేల కంటే ఎక్కువే కదా అని చెప్పాలనుకుంది. కానీ ముందు కొంగు లాగి మణికట్టు కప్పుకుంది.