కర్ర అడ్డుపెట్టిన తలుపు

రాంగోపాల్‌పేట్‌లోని డిటెక్టివ్ హదస్సా ఆఫీసుకు వచ్చిన ఝాన్సీలక్ష్మి కుర్చీ అంచున కూర్చుంది.

"మంగళవారం మంగళవారం మావారు ఇంటికొస్తున్నారండీ. పోయి మూడు నెలలైంది. పోయిందీ మంగళవారమే."

హదస్సా సహాయకుడు పర్వతాలు రిటైరైన కానిస్టేబుల్. దొంగలంటే లెక్కలేదు గానీ, దయ్యమన్న మాట వినబడితే చెయ్యి మెడలోని తాయెత్తు మీదికి పోతుంది. ఇప్పుడూ పోయింది.

ప్రతి మంగళవారం ఝాన్సీలక్ష్మి ఆఫీసు నుంచి వచ్చేసరికి భర్త పడక్కుర్చీ ఆయన ఫొటో వైపు తిరిగి ఉంటోంది. ఆ రోజూ అంతే. ఏ వస్తువూ పోలేదు. ముందు తలుపు తాళం, పెరటివైపు అద్దాల స్లైడింగ్ డోర్ గడియ, అది జరగకుండా గాడిలో పెట్టిన కర్ర, అన్నీ వేసినవి వేసినట్టే ఉంటున్నాయి.

"ఇంకొక్కసారి ఇలా జరిగితే ఇల్లు ఖాళీ చేసేస్తానండీ. భయంతో చచ్చిపోతున్నాను. మళ్ళీ మంగళవారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నాను కూడా," అంటూ ఏడ్చేసింది.

మర్నాడు, బుధవారం, హదస్సా, పర్వతాలు వెళ్ళి చూస్తే, మెట్టుగూడలోని ఆ ఇంటి పెరటి తలుపు గాడికి పసుపు రాసి ఉంది.

"దీనికి గడప లేదు కదండీ. మంగళ, శుక్రవారాలు పొద్దున్నే గాడికే రాస్తాను."

బయట సిమెంటు గట్టు మీద రెండడుగుల ఎడంలో రెండు పసుపు మరకలు. అద్దం మీది దుమ్ములో రెండు గుండ్రటి ముద్రలు.

"మొఖం ఆనించి లోపలికి చూసినట్టున్నది మేడమ్! జెర పైలం," అన్నాడు పర్వతాలు.

"ముఖానికి ముక్కుంటుంది కదండీ," అని హదస్సా ఝాన్సీలక్ష్మి వైపు తిరిగింది. "ఈ తలుపు ఎవరు బిగించారమ్మా?"

"మా మరిది అమ్మిరాజు. అల్యూమినియం డోర్ల షాపు. ఇది బిగించాక అన్నదమ్ములకి మాటల్లేవు. ఆయన పోయిన రోజు వస్తే, నా గడప తొక్కొద్దన్నాను. వీధిలోంచే చూసి వెళ్ళాడు."

పర్వతాలు షాపుకు వెళ్ళొచ్చి, మంగళవారం సెలవని బోర్డుందని చెప్పాడు.

సాయంత్రం హదస్సా అమ్మిరాజును, పనిమనిషి దేవమ్మను పిలిపించింది.

"తాళంచెవి నా కాడున్నదని నన్నే అంటరా ఏందీ?" దేవమ్మ కస్సుమంది.

"తాళంచెవి ఉన్నదానివి ముందు తలుపునే వస్తావు. వచ్చిన మనిషికి అది లేదు. కర్ర తలుపును జరగనివ్వదు, లేవకుండా మాత్రం ఆపలేదు."

హదస్సా అద్దాలెత్తే రబ్బరు పిడులు రెండు అద్దం మీది గుండ్రటి ముద్రల మీదే అంటించి, పర్వతాలు సాయంతో బయటి రెక్కను పైకెత్తింది. గడియ దానంతటదే ఊడింది. రెక్క అడుగు గాడిలోంచి బయటికొచ్చింది. కర్ర కదల్లేదు. గట్టు మీద దించగానే రెక్క అడుగు చక్రాలకంటిన పసుపు సరిగ్గా పాత మరకల మీదే పడింది. పర్వతాలు నోరు తెరిచాడు.

"వెళ్ళేటప్పుడు రెక్కను అలాగే గాడిలో దించేస్తే గడియ మళ్ళీ పడుతుంది. పై గాడిలో రెండు స్క్రూలు దింపితే రెక్క లేవడానికి చోటుండదు. ఆ లోటు బిగించినవాడికి తెలుసు. ఇలాంటి పిడులు ఉండేదీ, మంగళవారం ఖాళీగా ఉండేదీ అతనే."

అమ్మిరాజు తల వంచుకున్నాడు. "దొంగతనానికి కాదు వదినా. అన్నయ్య ఎదురుగా కాసేపు కూర్చుందామని వచ్చాను. బతికుండగా కూర్చోలేకపోయాను."

ఝాన్సీలక్ష్మి అతన్ని తిట్టలేదు. ఫొటో వంకే చూస్తూ, "అయితే ఆయన ఒక్కసారి కూడా రాలేదన్నమాట," అంది.

ఆమె కళ్ళు తుడుచుకుంది.

"ఆ స్క్రూలు నువ్వే బిగించు, అమ్మిరాజూ. వచ్చే మంగళవారం నేను సెలవు పెడతాను. ముందు తలుపున రా."