షాట్ మిగిలుండగా గుమ్మడికాయ

"పేలుడు మాల్ మన యూనిట్ లోపలికొచ్చింది. ఇయ్యాల లేపేసేది నన్నేనట," అంది గౌసియా బేగం, మంగ్యా కోటుకు గుండీ కుడుతూ.

లోకానికి ఆమె స్పై సినిమాల సిరీస్‌కు బట్టలు కుట్టే ఆపా, అందరికీ అక్క. మహబూబాబాద్ తండా నుంచి వచ్చిన మంగ్యా హీరోకు డూపు. నిజానికి ఆమె సీక్రెట్ సర్వీస్ చీఫ్, అతను ఆమె ఏజెంట్.

"ఎవరు ఆపా?"

"విదేశీ ముఠా. చెయ్యి మాత్రం మనోళ్లదే. పేలుడు మందు దగ్గరికి పోతే గీ గుండీ వణుకుతది. జర హుషార్‌గ ఉండు."

మొదటి ఐదు భాగాల్లో తుపాకి పేలినప్పుడల్లా ఒక జోకు పేలేది. రాసింది డైరెక్టర్ శృతి. ఆరో భాగం షూటింగ్ మాటున మిషన్ మీద సరిహద్దు దాటిన ఆమె భర్త, ఏజెంట్ జనగామ నగేశ్, శవంగా కూడా తిరిగి రాలేదు. ఈ ఏడో భాగంలో అందరూ చస్తారు. ప్రొడ్యూసర్ నెత్తీ నోరూ కొట్టుకున్నా ఆమె వినలేదు. నగేశ్‌ను అన్నగా చూసుకున్న మంగ్యాకు ఆమె మొహం చూస్తేనే దుఃఖం వచ్చేది.

భూపాలపల్లి అవతల, చెల్పూర్ చిమ్నీలు కనిపించే గుట్ట మీద మంగ్యా తాడు కట్టుకుని ఆఖరి షాట్‌కు నిలబడ్డాడు. ఇంతలో కింద కర్పూరం వెలిగింది. శృతి గుమ్మడికాయను ఆపా చేతుల్లో పెట్టింది.

"పెద్దదానివి, దిష్టి తీసి నువ్వే కొట్టు ఆపా," అని, ఫొటో పేరు చెప్పి మిగతా వాళ్లందర్నీ దూరం జరిపింది.

మంగ్యా పైనుంచి అదంతా చూశాడు. షాట్ మిగిలుండగా గుమ్మడికాయ కొట్టే యూనిట్ ఎక్కడైనా ఉంటుందా?

యాక్షన్ అనకముందే దూకాడు. ఆపా పక్కన కాలు మోపగానే గుండీ వణికింది. కర్పూరం కింద వత్తి బుసబుసమంటోంది. మండుతున్న కాయను లాక్కుని క్వారీ గుంతలోకి విసిరాడు. గుంత దద్దరిల్లి, బురద నీళ్లు అందరి మీదా కురిశాయి.

"నువ్వు పైననే ఉంటవనుకున్న తమ్మీ," అంది శృతి. "నీకేం కావొద్దనే గా షాట్ ఆపిన."

"ఎందుకు వదినా?"

"నగేశ్ వాపస్ వస్తుంటే ఈమెనే రానియ్యలేదట. గా ముఠావోళ్లే చెప్పిన్రు."

"గా ముఠావోళ్లే అన్నను చంపింది వదినా! నేను కండ్లార చూసిన, నీకు చెప్పొద్దని ఆర్డర్."

శృతికి అప్పుడు తెలిసొచ్చింది. ఇంతకాలం మొగుణ్ణి చంపినవాళ్లకే తను ఊడిగం చేసింది.

"పంపింది మాత్రం నేనే బిడ్డా," అంది గౌసియా బేగం. "తెచ్చుకోలేకపోయిన."

కాలిన చేత్తో మంగ్యా తన జేబులోని బేడీలు బయటికి తీయలేకపోతే, శృతే వాటిని అందుకుని తన చేతులకు వేసుకుంది. మంగ్యా చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాడు పేపర్లన్నీ ఒకటే వార్త వేశాయి: డూపు లేకుండా దూకిన మన హీరోకు చెయ్యి కాలిందట. ఆ పూటంతా కారవాన్‌లో నిద్రపోయిన చెయ్యే అయినా, కట్టు మాత్రం బాగా పెద్దదే కట్టారు.