ఎటు పోయినా 6174

"మాస్టారూ, మా నాయన కావలి సంబంధానికి కూడా లెక్క కట్టినాడు. అదే వచ్చింది."

సామ్రాజ్యం ఈ మాట చెప్పి, తడిసిన గొడుగును బడి వరండా గోడకు ఆనించింది. రంగనాయకులు చేతిలోని సుద్దముక్క కిందపడి రెండైంది.

"అదే అంటే?"

"ఆరువేల నూట డెబ్బై నాలుగు."

విడవలూరులో లెక్కల మాస్టారుగా చేరి ఏడాదైనా అతనికి ఇంత గట్టి దెబ్బ ఎప్పుడూ తగల్లేదు.

సామ్రాజ్యం జాతకం మొన్నటి గాలివానలో తడిసి ముద్దయిపోయింది. పొంతన ఎట్లా చూడాలని వాళ్ల నాయన పద్మనాభయ్య దిగులుపడుతుంటే, పోయిన ఆదివారం మాస్టారే పలక అందుకున్నాడు. పుట్టిన తేదీ, నెల పక్కపక్కన రాస్తే ఆమెది 2305, ఎవరూ అడక్కుండానే జతచేసిన తనది 1708. ఆ అంకెలతో అయ్యే పెద్ద సంఖ్యలోంచి చిన్న సంఖ్య తీసేయాలి. వచ్చినదాన్ని మళ్లీ అట్లాగే చేయాలి. తనది రెండు తీసివేతల్లో, ఆమెది ఇంకాస్త దూరం నడిచి, రెండూ 6174 దగ్గర ఆగిపోయాయి. "ఇంతకన్నా పొంతన ఏం కావాల అయ్యవారూ" అన్నాడు పద్మనాభయ్య. అప్పటినుంచి రంగనాయకులు కాళ్లు నేలమీద లేవు.

"రేపు కావలి వాళ్లు తాంబూలాలకు వస్తా ఉండారు" అంది సామ్రాజ్యం.

"మీ నాయనకు తీసివేతలు రావు గదా."

"నేనే నేర్పినా."

 ఎందుకని అతను అడిగేలోపే పద్మనాభయ్య పలక చంకలో పెట్టుకుని వానలో తడుస్తూ వచ్చాడు. మనిషి దయ్యాన్ని చూసినట్టున్నాడు.

"అయ్యవారూ, నాదీ అదే, మా ఆడదానిదీ అదే. ముప్పై ఏళ్లుగా మా ఇద్దరికీ ఒక్క పూట పొసగలేదు. పోనీ అని కావలి బస్సు నంబరు వేసినా. 2417. ఒక్క దెబ్బకే వచ్చేసింది. ఇప్పుడు పిల్లను ఆ బస్సుకిచ్చి చేయమంటావా?"

రంగనాయకులు తలవంచుకున్నాడు.

"ఏ నాలుగంకెలు వేసినా అక్కడికే పోతుందండీ. నాలుగూ ఒకటే కాకుంటే చాలు."

"తెలిసే చేసినావా?"

"తెలిసే చేసినాను. సామ్రాజ్యం అంటే నాకు ప్రాణం. పిల్లనివ్వమని అడిగే ధైర్యం లేక లెక్కను అడ్డం పెట్టుకున్నాను. తప్పు నాదే."

పద్మనాభయ్య నిర్ఘాంతపోయి కూతురివైపు చూశాడు. ఆమె మాత్రం మాస్టారినే చూస్తోంది.

"ఈ మాట మీ నోట రావాలనే నాయనకు తీసివేతలు నేర్పినా" అంది. "నన్ను ఒక నంబరు అడిగితే ఎట్ట? మనిషి అడగాల."

 పద్మనాభయ్య పలక కేసి చూశాడు.

"పిల్లది ఎన్ని తీసివేతలకు వచ్చింది?"

"ఏడండీ. ఎంత మొండి సంఖ్యయినా ఏడు దాటదు."

"ఏడా" అని ఆయన వేళ్లమీద లెక్కపెట్టుకున్నాడు. "ఆ ఏడడుగులూ నడవాల్సింది అది గదా. ఎవరితో నడుస్తుందో దాన్నే అడుగుదాం. కావలికి నేను కబురు చేస్తాలే."

చెప్పి, మళ్లీ వానలోకి దిగి ముందు నడిచాడు. సామ్రాజ్యం గొడుగు విప్పింది.

"రండి మాస్టారూ. ఇంట్లో మా అమ్మ ఉంది. ఆమెకూ నోటితోనే చెప్పాల."