మూడో హాల్లో పేరు తెలియని ఫొటో

మా బాబాయి కాపలా కాసే మ్యూజియంలో మూడో హాలంటే అందరికీ హడల్. చీకటి పడితే పెద్దసారు కూడా అటు తొంగిచూడడు — పగలు మాత్రం చూస్తాడా అంటే, అదీ లేదనుకోండి.

ఆ హాలు నిండా పోయిన శతాబ్దపు నేతమిల్లు కూలీల ఫొటోలు. ఇంకో ఊరి మ్యూజియంతో పొత్తు పెట్టుకుని తెచ్చారు. ఫొటోలు వాళ్లవి, గోడలు వీళ్లవి. రెండేళ్లు మీటింగులు జరిగి, బోర్డు మీద ఎవరి ముద్ర ఎడమవైపు ఉండాలో తేలింది. ఫొటోల్లో మనుషులెవరో మాత్రం తేలలేదు. అందుకే నలభై ఫొటోల కింద ‘పేరు తెలియదు’ అని అందంగా అచ్చువేయించి అంటించారు.

అందులో ఒకటి మగ్గం పక్కన నిలబడ్డ ఆడమనిషిది. దాని కింద కార్డు... రోజూ పొద్దున్నకి మాయం! వేసిన తాళం వేసినట్టే ఉంటుంది. కొత్తది అంటిస్తే, మర్నాటికి అదీ లేదు.

దెయ్యమేనని గుమాస్తా తేల్చేశాడు. పెద్దసారు బాబాయిని పిలిచాడు.

"ఇంకొక్క కార్డు పోయిందా... నీ ఉద్యోగం కూడా పోతుంది."

దెయ్యాన్ని సస్పెండ్ చెయ్యడం కుదరదు కదా మరి.

ఆ రాత్రి బాబాయి హాల్లోనే కూర్చున్నాడు. వెలుతురు తగిలితే ఫొటోలు పాడవుతాయని ఒప్పందం — ఒక్క గుడ్డి దీపమే. పన్నెండైంది... రెండైంది... గోడల మీంచి అందరూ తననే చూస్తున్నారు.

తెల్లవారుజామున — కిర్రుమంది తలుపు.

తలనిండా తెల్లగుడ్డ. అడుగుల చప్పుడు లేదు. తిన్నగా ఆ ఫొటో దగ్గరికే వెళ్లింది... చెయ్యి చాచింది...

"ఎ... ఎవరది?"

"నేనే తమ్ముడూ."

హాళ్లు ఊడ్చే అక్క! దుమ్ము పడకుండా తలకి గుడ్డ చుట్టుకుంది. ఊడ్చేందుకు ఇచ్చిన తాళంచెవి చేతిలోనే ఉంది. తాళంచెవులు ఎవరెవరి దగ్గరున్నాయని విచారణ జరిపినవాళ్ల కంటికి, చీపురు పట్టుకున్న మనిషి ఆనలేదు.

"ఏంటక్కా ఇది? నా పొట్ట కొడతావా?"

"ఈవిడ మా అమ్మ, తమ్ముడూ. పేరు తెలియదంట! ఫొటో వచ్చిన రోజే సారుకి చెప్పా. ఆధారాలు తెమ్మన్నారు. కన్నకూతుర్ని నేనున్నా... ఇంకేం తేను?" ఆమె ఆ కార్డు వైపు వేలు చూపించింది. "రోజూ ఆ రాత చూస్తూ అద్దం తుడవలేకపోతున్నా."

బాబాయికి కళ్లు చెమ్మగిల్లాయి. నిజం చెబితే ఆమె పని పోతుంది, చెప్పకపోతే తనది. తెల్లారేదాకా ఆలోచించి, పెద్దసారు గదిలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"దెయ్యమే సార్. కళ్లారా చూశా. తన పేరు చెప్పింది... అది రాయకపోతే మీ ఇంటికే వస్తానంది."

కూతురు చెబితే ఆధారాలడిగిన మనిషి, దెయ్యం మాటకి మారు మాట్లాడలేదు. కూతురు చెప్పిందీ ఆ పేరేనని ఆయనకి తట్టలేదు — అప్పుడు చెవికెక్కితేగా! రెండు మ్యూజియాల సంతకాలూ సాయంత్రానికల్లా పడ్డాయి. ఇంటిపేరుతో సహా కొత్త కార్డు వచ్చింది.

మర్నాడు పెద్దసారు బాబాయిని పక్కకి లాగి, గుసగుసగా అడిగాడు.

"మిగతా ముప్ఫై తొమ్మిదిమంది పేర్లూ... దానికి తెలుసేమో, కనుక్కోకూడదూ?"

"మిల్లువాళ్లందరూ తెలుసంట సార్," అన్నాడు బాబాయి. "రాత్రిదాకా ఆగక్కర్లేదు... పగలు అడిగినా చెబుతుందట."