రెండు వారాల రిపోర్టు

ఉదయం ఏడయింది. ఆమె మాత్ర వేసుకుని మంచం అంచున కూర్చుంది. దువ్వెనకు చుట్టుకున్న జుట్టు తీసి కాగితంలో మడిచింది.

"అదెందుకు దాచడం?" అన్నాడు భర్త, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. అతను బస్సు డ్రైవరు.

"డాక్టరుకి చూపిద్దామని."

"చూపించు. రక్తపరీక్షలో నంబరు బాగానే ఉందని మళ్ళీ అంటాడు. నీకున్నది థైరాయిడ్ కాదు, బద్ధకం."

ఆమె ఒక టైలరింగ్ షాపులో బట్ట కత్తిరిస్తుంది. పదకొండేళ్ళుగా అక్కడ కత్తెర ఆమెదే. నాలుగు నెలల కిందట డాక్టరు థైరాయిడ్ మాత్రను వంద నుంచి డెబ్బై ఐదుకు తగ్గించాడు. అప్పటినుంచి ఎండలో కూడా చలి, బల్ల మీదే కునుకు. నిన్న ఒక కోటుకు రెండు చేతులూ కుడివైపువే కత్తిరించింది. ఇంకోసారి ఇలా అయితే గుండీలు కుట్టే దగ్గర కూర్చోమంది యజమానురాలు.

క్లినిక్‌లో డాక్టరు జుట్టు వంక చూడలేదు. పాత రిపోర్టు మీద వేలు పెట్టాడు.

"మూడు. నార్మల్. కాస్త నడవండమ్మా, బరువు తగ్గండి."

"నేనూ అదే మొత్తుకుంటున్నానండీ, వింటేగా!" అన్నాడు భర్త. ఇద్దరూ నవ్వారు.

"కొలతలు సరిపోయినా మనిషికి చెయ్యి లేవకపోతే మేం కుట్టు విప్పుతాం డాక్టరుగారూ," అంది ఆమె. "కాగితం చూశారుగా. ఇక నా మొహం చూడండి."

"నాకు వైద్యం నేర్పుతారా?"

"నేర్పను. మీరు రాసిందే చదువుతాను." చీటీ, రిపోర్టు పక్కపక్కన పరిచింది. "మాత్ర తగ్గించింది ఒకటో తారీఖున. ఆరు వారాలయ్యాక రక్తం తీయించమన్నారు. తీసింది అదే నెల పదిహేనున. పాత మాత్ర ఒంట్లో ఉండగానే వచ్చిన నంబరది. నాలుగు నెలలుగా దాన్నే పట్టుకుని కూర్చున్నారు."

డాక్టరు కళ్ళజోడు సర్దుకున్నాడు. "అంత తొందరగా ఎవరు తీయించమన్నారు?"

"నేనే," అన్నాడు భర్త. "ఆ రోజే నాకు సెలవు దొరికింది. ఎప్పుడైతే ఏముందిలే అనుకున్నా." అంతలోనే డాక్టరు వైపు తిరిగి, "తారీఖు మీరు చూసుకోవద్దా సార్?" అన్నాడు.

"రోజుకి వందమంది వస్తారండీ."

"నా బస్సు కూడా అంతమంది ఎక్కుతారు. అద్దం చూడకుండా తోలను."

డాక్టరు చీటీ ముందుకు లాక్కున్నాడు. మళ్ళీ పరీక్ష రాశాడు.

మర్నాడు నంబరు వచ్చింది: పద్నాలుగు. నాలుగు దాటితే మందు చాలనట్టు. డాక్టరు తలెత్తకుండా వంద అని రాసిచ్చాడు. తప్పయిందన్న మాట అతని నోట రాలేదు.

వరండాలో భర్త అన్నాడు: "నువ్వన్నదే నిజం. ఈ కాగితం మీ షాపులో నేనే చూపిస్తా. కత్తెర ఎవరు లాక్కుంటారో చూద్దాం."

"మూడే వచ్చుంటే నన్ను నమ్మేవారా?"

అతను నేల చూశాడు. "లేదు," అన్నాడు.

డాక్టరు ముందు రాని ఏడుపు ఆమెకు అప్పుడొచ్చింది. అతను బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఈ నాలుగు నెలలూ ఎలా గడిచాయో చెప్పు. అడ్డురాను."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని మొదలుపెట్టింది. మొదటి తిట్టు అతనికే పడింది.