బూడిదరంగు కింద

బొమ్మలు తీసుకెళ్ళే గ్యాలరీ బండి పదకొండింటికి వస్తుందని తెలిసే ఆమె బొమ్మల గదికి గొళ్ళెం పెట్టి, తలుపుకు అడ్డంగా కూర్చుంది. ఇరవై ఏళ్ళ కాపురంలో మొగుడి పనికి అడ్డుపడటం ఇదే మొదలు...

"ఏమైంది నీకు? లే," అన్నాడు చిత్రకారుడు.

"ఈ కొత్త బొమ్మల్లో పాప లేదు."



ఒకప్పుడు సైన్‌బోర్డులు రాసి, అడిగినవాళ్ళ ముఖాలు గీసి పొట్టపోసుకున్న మనిషి. ఏడేళ్ళ పాప జ్వరంతో పోయాక ముఖాలు మానేశాడు. ఆకారమంటూ లేని బూడిదరంగు బొమ్మలతోనే పేరొచ్చింది. వాటికి ఆ లోతు ఎక్కడిదని పత్రికలవాళ్ళు బుర్రలు బద్దలు కొట్టుకునేవారు. ఆమెకు తెలుసు! కాన్వాసుకు తెల్లరంగు పూసిచ్చేది ఆమే. దాని మీద ఆయన ముందు పాప ముఖం వేస్తాడు, ఒక పూట ఆరనిస్తాడు, ఆపైన కప్పేస్తాడు. ఆ ఒక్క పూట కోసమే ఆమె బతికింది. తడి ఆరని బుగ్గల ఎదుట కూర్చుని బడి కబుర్లు అడిగేది... ఎవరెవరి గోడల మీదో, ఆ బూడిద కింద, పాప ఒక్కతే ఉందనుకుంటే ఆమెకు అన్నం సహించేది కాదు. ఈ ఏడాది ఆరు కాన్వాసులిచ్చింది. ఆరింటి మీదా ఆయన నేరుగా బూడిదరంగే పూశాడు.

"పేరొచ్చాక పిల్ల బరువైందా మీకు?"

ఆయన గోడకు జారగిలబడ్డాడు. "బరువు కాదే... రావడం లేదు. నుదురు వేస్తాను, ఆ కిందికి చెయ్యి కదలదు. చూడలేక ఫొటోలన్నీ కాల్చేసిన పాపిష్టివాణ్ణి నేనే కదా. ఎవరి ముఖమో వేసి నా కూతురని ఎలా అననూ?"

ఆమె కోపం నీరుగారిపోయింది. ఇన్ని నెలలూ ఈ బాధ ఒక్కడే మింగాడా ఈ పిచ్చి మనిషి! లేచి గొళ్ళెం తీసి, కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుంది.

"అచ్చు గుద్దినట్టు నా పోలికేనని మీ అమ్మ పదిమందికీ చెప్పుకునేది. నన్ను చూసి వెయ్యండి."

ఆయన చూశాడు. పాప పోయిన పదకొండేళ్ళలో ఆమెను అలా చూడటం అదే మొదలు. నెరిసిన పాపిటనీ, కళ్ళ కింద గుంటల్నీ చూసి ఒక అడుగు ముందుకేశాడు.

"ఎప్పుడిలా అయిపోయావే?"

"ముందు వెయ్యండి."

బండి వచ్చి, హారన్ కొట్టి కొట్టి వెళ్ళిపోయింది. సాయంత్రానికి కాన్వాసు మీద పాప నవ్వుతోంది. ఇద్దరూ దాని ఎదుటే కూర్చుండిపోయారు.

మర్నాడు పొద్దున ఆయన బూడిదరంగు కలుపుతుంటే ఆమె బ్రష్ అందుకుంది. గడ్డం, బుగ్గలు, నుదురు ఒక్కొక్కటే కప్పింది. ఆ తర్వాత బ్రష్ ఆయన చేతిలో పెట్టి, మొహం పక్కకు తిప్పుకుంది.

"కళ్ళు నా వల్ల కాదండీ... మీరే మూయండి."